అమ్మ ఫోన్లో ఇంగ్లిష్ పెట్టింది మనమే

కొత్త ఫోన్ ఇంటికి రాగానే అందరం చుట్టూ చేరతాం. డబ్బా మీది కవరు చించుతాం. స్క్రీన్‌గార్డు ముందే వేసి ఇచ్చారా, ఛార్జర్ ఉందా, పౌచ్ ఎక్కడ దొరుకుతుంది, పాత ఫోన్లోని ఫోటోలు ఇందులోకి ఎలా వస్తాయి అని ఒకటే హడావుడి. ఇవన్నీ శ్రద్ధగానే చూసుకుంటాం. ఫోన్ ఆన్ కాగానే అన్నిటికంటే ముందు అడిగే సంగతిని మాత్రం చూడకుండా దాటేస్తాం. అది భాష. జాబితాలో తెలుగు ఉంటుంది. మన వేలు అక్కడిదాకా వెళ్లదు. అప్పటికే పైన సిద్ధంగా ఉన్న ఇంగ్లిష్‌నే ఖాయం చేసి ‘నెక్స్ట్’ నొక్కేస్తాం. మన ఫోనైతే మన ఇష్టం అనుకోవచ్చు. అమ్మ కోసం కొన్న ఫోన్లోనూ అదే చేస్తాం. నాన్నకు, అత్తగారికి, ఇంట్లో పనిచేసే మనిషికి ఇచ్చేసిన పాత ఫోన్లోనూ అదే చేస్తాం.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఈ దేశంలో 8 కోట్ల పైమాటే. ఇంతమంది మాట్లాడే భాషను, మన ఇళ్లలోకి వచ్చిన అతి ముఖ్యమైన వస్తువు నుంచి మన చేతులతోనే తప్పించాం. కంపెనీల మీద నెపం వేయడానికి లేదు. ప్రభుత్వం పట్టించుకోలేదనడానికీ లేదు. దేశంలో అమ్మే ఫోన్లలో 22 భాషల సందేశాలనూ చదువుకునే వీలుండాలని, టైపు చేయడానికి ఇంగ్లిష్, హిందీలతో పాటు కనీసం మరొక భారతీయ భాష ఉండాలని కేంద్రం 2016లోనే నిబంధన తెచ్చింది. పదిహేనేళ్ల కిందట ఫోన్లో తెలుగు అంటే వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి; ఆ కాలమూ పోయింది. నిబంధన వచ్చింది, ఫాంటు వచ్చింది, కీబోర్డు వచ్చింది. మనమే రాలేదు.

ఆ 2016ను ఒకసారి తలుచుకోవాలి. ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. సెప్టెంబర్ 5న జియో వచ్చింది, డేటా ధర కుప్పకూలింది. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయి. అప్పటిదాకా పచ్చ బటన్ నొక్కి ఎత్తడం, ఎర్ర బటన్ నొక్కి పెట్టేయడం మాత్రమే తెలిసిన ఎందరో పెద్దవాళ్లు కొద్ది కాలంలోనే స్మార్ట్‌ఫోన్లోకి వచ్చిపడ్డారు. దగ్గరుండి నేర్పాల్సినవాళ్లం మనం. చదువుకున్న కొడుకులం, కూతుళ్లం, మాదాపూర్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లం, బెంగళూరులోనూ డల్లాస్‌లోనూ స్థిరపడినవాళ్లం. నేర్పామా? రీఛార్జ్ చేయించాం. వాట్సాప్ వేసిచ్చాం. వీడియో కాల్ ఎలా ఎత్తాలో మాత్రం ఓపికగా చూపించాం, ఎందుకంటే అది మనకు కావాలి.

ఇంగ్లిష్ చదవలేని మనిషి ఇంగ్లిష్ ఫోన్ ఎలా వాడుతుందో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది మనం చేసిన పని ఏమిటో. ఆమెకు ఆకుపచ్చది వాట్సాప్, ఎర్రది యూట్యూబ్. కాల్ లిస్టులో పేర్లన్నీ మనం ఇంగ్లిష్ అక్షరాల్లో సేవ్ చేసి పెట్టాం కాబట్టి, ఫోటో ఉన్నవాళ్లను ఫోటోతో, లేనివాళ్లను వరసతో గుర్తుపెట్టుకుంటుంది. పైనుంచి మూడోది చెల్లెలు. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే ఆ వరస మారిపోతుంది, చెల్లెలికి చేయబోయిన ఫోన్ గ్యాస్ కుర్రాడికి వెళుతుంది. తెర మీద ఏదో అడుగుతూ రెండు బటన్లు వస్తే, క్రితం సారి ఏది నొక్కితే ఆ అడ్డం తొలగిపోయిందో దాన్నే మళ్లీ నొక్కుతుంది. దాని మీద ఏం రాసుందో తెలియదు. ఎప్పుడో అప్‌డేట్ వచ్చి యాప్ గుర్తు రంగు మారితే ఫోన్ పాడైపోయిందనుకుంటుంది. మనం ఫోన్ చేసినప్పుడు, “మొన్నటిదాకా బాగానే ఉంది నాయనా, నేనేమీ ముట్టుకోలేదు” అని సంజాయిషీ ఇస్తుంది. తప్పు తనదేనని ఆమె నమ్మకం.

వారపత్రికల్లో సీరియళ్లన్నీ చదివిన మనిషి ఆమె. కార్తీక మాసంలో పురాణం పైకి చదివి పదిమందికి వినిపించే మనిషి. తెలుగు ధారాళంగా వచ్చు. అలాంటి మనిషిని తన చేతిలోని వస్తువు ముందు చదువురానిదాన్ని చేశాం. ఇంతకంటే తేలిగ్గా చెప్పే మాట నాకు దొరకడం లేదు, వెతకాలనీ లేదు.

ఇది కేవలం ఇబ్బందితో ఆగలేదు. 2020 డిసెంబర్ గుర్తుండే ఉంటుంది. లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో వరసగా ఆత్మహత్యలు జరిగాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వసూళ్ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు ఇచ్చేది ఏ నాలుగైదు వేలో. యాప్ ఫోన్లో వేసుకునే రోజునే కాంటాక్టులు, ఫోటోలు చూసే అనుమతి తీసుకునేవి. కట్టడం ఆలస్యమైతే ఫోన్లో ఉన్న బంధువులకు, స్నేహితులకు, ఆఫీసు వాళ్లకు అసభ్యమైన మెసేజ్‌లు వెళ్లేవి. మనుషుల్ని చంపింది అప్పు మొత్తం కంటే ఆ పరువు దెబ్బే. ఆండ్రాయిడ్‌లో 2015 నుంచీ యాప్ ఇలాంటి వాటికి విడివిడిగా అనుమతి అడగాల్సిందే. ఫోన్ తెలుగులో ఉంటే ఆ ప్రశ్న తెలుగులోనే వస్తుంది. మీ కాంటాక్టులను ఈ యాప్ చూడటానికి అనుమతించాలా, వద్దా అని. తాళంచెవి ఎవరికిస్తున్నారో స్పష్టంగా అడిగే ఆ ఒక్క ప్రశ్ననూ చదవలేని భాషలో పెట్టి మన వాళ్ల చేతికిచ్చాం.

నిజం చెప్పాలంటే ఆ బాధితుల్లో ఉద్యోగస్తులూ, ఇంగ్లిష్ వచ్చినవాళ్లూ ఉన్నారు. చదవగలిగినవాళ్లమూ చదవలేదు. అన్నిటికీ ‘ఎలౌ’ కొట్టుకుంటూ పోయాం, ఇంట్లో మిగతావాళ్లకూ అదే అలవాటు చేశాం. “ఏం వచ్చినా ఓకే కొట్టేయమ్మా” అని ఫోన్లో చెప్పింది మనమే కదా. కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ లాగ్ జోలికి లోన్ యాప్‌లు పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో నిబంధనలు పెట్టింది. మంచిదే. అంతకుముందు పోయిన ప్రాణాల లెక్క అలాగే ఉంది.

ఇక మోసాలు. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికి లైన్ కట్ చేస్తామని ఒక మెసేజ్. ఆర్టీవో చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్‌లో వచ్చే, నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించే ఏపీకే ఫైలు. పోలీసు డ్రెస్సులో వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు చేశామనే బెదిరింపు. వీటికి బలవుతున్నవాళ్ల గురించి “అంత అమాయకంగా ఎలా నమ్మారు” అని మనం తేలిగ్గా అనేస్తాం. మోసగాడు తెలుగులో మాట్లాడతాడు. అమ్మా అంటాడు, సార్ అంటాడు, ఊరి పేరు చెబుతాడు, ఏ బటన్ ఎక్కడుందో, ఏది నొక్కాలో విడమరచి చెబుతాడు. బ్యాంకు మాత్రం ఇంగ్లిష్‌లో హెచ్చరిస్తుంది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న వాక్యం ప్రతి మెసేజ్ చివరా ఉంటుంది, చదవాల్సిన మనిషికి తప్ప అందరికీ అర్థమయ్యే భాషలో. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. ఈ ఒక్క ముక్క ఆమెకు విడమరచి చెప్పడానికి మనకు అయిదు నిమిషాలు పట్టేది. డబ్బు పోయిన వెంటనే ఫోన్ చేయాల్సిన సైబర్ ఫిర్యాదు నంబర్ 1930. ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారుతూ చెయ్యి దాటిపోతుంది. ఆ నంబరు ఎంతమంది అమ్మల ఫోన్లలో, తెలుగు అక్షరాల్లో, పైనే కనిపించేలా సేవ్ చేసి ఉంది?

బ్యాంకులు తెలుగులో ఎందుకు పంపవు అనే దానికి ఒక లెక్క ఉంది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. తెలుగు లిపిలో 70తోనే సరి. గుడి, దీర్ఘం, వత్తు విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆ 70 కూడా ఇట్టే నిండిపోతాయి. ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌లో ముగిసే సమాచారానికి తెలుగులో రెండో మూడో మెసేజ్‌ల ఖర్చవుతుంది. అడిగేవాళ్లు లేనప్పుడు ఆ ఖర్చును ఏ బ్యాంకు మాత్రం తనంతట తాను ఎందుకు నెత్తికెత్తుకుంటుంది? ఖాతాదారులుగా మనం బ్రాంచిలో వడ్డీ రేటు అడిగాం, లాకర్ అడిగాం. నాకొచ్చే మెసేజ్ నా భాషలో కావాలని కాగితం రాసిచ్చినవాళ్లం ఎందరం?

అడిగితే వస్తుందనడానికి రుజువు ప్రతి కిరాణా కొట్టులోనూ మోగుతోంది. కౌంటర్ మీద పెట్టే ఆ చిన్న సౌండ్‌బాక్స్, ఎన్ని రూపాయలు అందాయో తెలుగులోనే చెబుతుంది. ఫోన్‌పే అయితే 2024లో మహేశ్‌బాబు గొంతుతోనే చెప్పించింది. వ్యాపారి చేతిలో బేరం ఉంది; చేతులు ఖాళీ లేని మనిషి చెవికి తన భాషలోనే వినిపించాలని కంపెనీలకు తెలిసింది. ఆ కొట్టుకు వచ్చి పాల ప్యాకెట్ కొన్న పెద్దావిడ తరఫున బేరమాడేవాళ్లు లేరు. మనం ఆ పనిలో లేము.

స్త్రీల విషయంలో మన తప్పు ఇంకా పెద్దది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, జీవితంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ పంపుతున్నామని చెప్పుకునే రాష్ట్రాలివి. ఇంట్లో కొత్త ఫోన్ మగవాడికి, అతని పాతది కొడుక్కి, కొడుకు పగలగొట్టినది అమ్మకి. ఆమె దగ్గరికి చేరేసరికి దానికి బ్యాటరీ నిలవదు, స్టోరేజీ ఉండదు, ప్యాటర్న్ కూడా వేరేవాళ్లు పెట్టినదే. అందులో భాష మార్చాలన్న ఆలోచన ఇక ఎవరికి వస్తుంది?

పత్రికల్లో పనిచేసే మాబోటివాళ్ల సంగతీ దాచడానికి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మేం మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్ల లాంటి వాటిలోనే డీటీపీ చేయించాం. కాగితం మీద అందంగా వచ్చింది, అదే చాలనుకున్నాం. ఆ ఫైళ్లలో ఉన్న కథలు, వ్యాసాలు, ఇంటర్వ్యూలు ఫోన్లో వెతికితే దొరకవు. తెరిచినా అక్షరాల స్థానంలో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వ్యవసాయం మీద, ఆరోగ్యం మీద, చట్టం మీద ఎంత మంచి తెలుగు రాశామో అంతా అలా పూడుకుపోయింది. రైతు తన ఫోన్లో పురుగు మందు గురించి తెలుగులో వెతికితే దొరికేది తక్కువగా ఉండటానికి మా బద్ధకం కూడా ఒక కారణం. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాను నిలబెట్టింది పెద్ద పత్రికలు కావు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలూ కావు. ఉద్యోగాలయ్యాక రాత్రుళ్లు కూర్చుని రాసిన కొద్దిమంది ఔత్సాహికులు. 2006లో వచ్చిన ‘లేఖిని’ అనే టైపింగ్ సాధనం లేకపోతే నెట్‌లో తెలుగు రాయడం చాలామందికి అప్పట్లో సాధ్యమయ్యేదే కాదు. అదీ అలాంటి ఔత్సాహికుడి చలవే. సంస్థలుగా మనం చేయాల్సింది వ్యక్తులు చేశారు. మనం సభలు పెట్టి భాష చచ్చిపోతోందని ఉపన్యాసాలు ఇచ్చాం.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లం ఇంకాస్త ఎక్కువ తలదించుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. ఆ కూర్పు ఉన్న మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. సంగతి ఇటలీకి చెందిన ఒక టెక్ సైట్ ద్వారా ప్రపంచానికి తెలిసింది. యాపిల్ కొద్ది రోజుల్లో సరిచేసింది కూడా. మన వాళ్లు దాన్ని వింతగా వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు, కొందరు స్నేహితుల ఫోన్లు ఆగిపోతే చూడాలని పంపుకున్నారు. అడగాల్సింది వేరు. మనకు రోజూ కలిసే అక్షరం అది. తెలుగు చదువుకున్న ప్రతి పిల్లవాడూ పలక మీద దిద్దింది. తెలుగువాళ్లు లేని పెద్ద టెక్ కంపెనీ ఎక్కడుంది? ఐఫోన్ కొన్న తెలుగువాళ్లు ఎన్ని లక్షల మంది? వాళ్లంతా ఆ ఫోన్లలో తమ భాషలో నిత్యం రాసుకుంటూ ఉంటే, ఆ లోపం బయటపడటానికి ఇటలీ దాకా వెళ్లాల్సి వచ్చేదా?

మనం రాసుకోం. అమ్మకు పంపే మెసేజ్ కూడా తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కూర్చి పంపుతాం. ఆమె వాటిని కూడబలుక్కుని చదువుతుంది, లేకపోతే పక్కింటి పిల్లతో చదివించుకుంటుంది. కొడుకు రాసిన నాలుగు ముక్కలు ఇంకొకళ్ల నోట వినాలి. మనకు కీబోర్డు మార్చడానికి పట్టేది ఒక్క నొక్కు. అసలు కీబోర్డే అక్కర్లేదు. గూగుల్ కీబోర్డులో తెలుగు మాట చెబితే తెలుగు అక్షరాలుగా పడే సదుపాయం 2017 నుంచే ఉంది.

మెనూల్లోని తెలుగు కృత్రిమంగా ఉంటుందని ఒక సాకు చెబుతుంటాం. ఉండేది, నిజమే. తొలి రోజుల్లో కొన్ని మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. వాడేవాళ్లు ఫిర్యాదు చేస్తే మారుతుంది, కొంత మారింది కూడా. కానీ ఆ మెనూను రెండు నిమిషాలు చూసి, నవ్వుకుని, తిరిగి ఇంగ్లిష్‌కు పోయినవాళ్లే ఎక్కువ. ‘ఇలా కాదు, ఇలా ఉండాలి’ అని రాసి పంపినవాళ్లు తక్కువ. ఇంకొందరు పిల్లల కోసం అంటారు. ఫోన్ ఇంగ్లిష్‌లో ఉంటే ఇంగ్లిష్ వస్తుందట. సెట్టింగ్స్ చదివి ఇంగ్లిష్ నేర్చుకున్న పిల్లవాడిని నేనింకా చూడలేదు.

ఇప్పుడు మన బాకీ కట్టాల్సిన గడువు దగ్గరపడింది. ఫోన్ మాట విని పని చేసే దశకు వచ్చింది. అక్షరాలు రానివాళ్లకు ఇంతకంటే మంచి అవకాశం లేదు. అయితే యంత్రం నేర్చుకునేది మనం రాసిపెట్టిన దాని నుంచి, మాట్లాడి రికార్డు చేసిన దాని నుంచి. ఆదిలాబాద్‌లోనో, శ్రీకాకుళం పల్లెలోనో, మదనపల్లె దగ్గరో పెద్దావిడ తన యాసలో అడిగితే అది చాలాసార్లు తడబడుతుంది. ఆమె గొంతును ఎవరూ దానికి వినిపించలేదు. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ తెలుగు మాటల రికార్డింగులు సేకరించింది, స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతో కలిసి తెలుగు కథలను పోగుచేసి ఒక చిన్న ఏఐ భాషా నమూనా తయారుచేసింది. రెండూ గౌరవించాల్సిన ప్రయత్నాలు. ఎనిమిది కోట్ల మందికి అవి ఏ మూలకు? తెలుగు సంఘాలు అమెరికాలో మహాసభలకు చేసే ఖర్చులో ఒక వంతు పల్లె గొంతుల రికార్డింగుకు పెట్టాలని ఏ తీర్మానంలోనైనా రాసుకున్నామా?

అమ్మ ఫోన్లో భాష మార్చడానికి అర నిమిషం చాలు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెలుగును పైకి తెస్తే సరిపోతుంది. అయితే ఇన్నేళ్ల తర్వాత ఆ పని అంత సులువుగా జరగదు. రంగులకూ స్థానాలకూ అలవాటుపడిన మనిషికి ఆ తెర మారితే భయం వేస్తుంది. “ఇప్పుడు మళ్లీ మార్చకురా, తెలిసిన నాలుగూ మర్చిపోతాను” అంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకున్న చాలామందికి ఎదురయ్యే మాట ఇదే. ఆమె ఒప్పుకుంటేనే మార్చాలి. ఒప్పుకున్నాక రెండు మూడు సాయంత్రాలు పక్కన కూర్చోవాలి. కాంటాక్టుల పేర్లన్నీ తెలుగులో మళ్లీ రాయాలి. ఏ యాప్ దేనికి అనుమతి అడుగుతోందో ఆమె చేతే పైకి చదివించాలి, వద్దనుకున్నప్పుడు ‘అనుమతించవద్దు’ అన్న బటన్ ఆమె వేలితోనే నొక్కించాలి.